ముక్కు మీది దీపాలు

వేడినీళ్ల తువ్వాలును కుర్చీలోని కుర్రాడి ముఖం మీంచి తీసి, నూబియా నల్ల తెర లాగింది. బర్రాంకియా ఊరి ఎండంతా తెర బయటే ఆగిపోయింది. ఊదారంగు దీపం వెలిగించేసరికి వాడి ముక్కు చుట్టూ ఎర్రెర్రని చుక్కలు మెరిశాయి. అద్దంలో చూసుకుని వాడు హడలిపోయాడు.

“భయపడకు నాయనా, సూక్ష్మజీవులు. అందరి చర్మంలోనూ కాపురముంటాయి. గాలి గిట్టదు వాటికి, లోపల నూనె తిని బతుకుతాయి. దారి పూడుకుపోతేనే పేచీ.”

ఎన్నేళ్లుగానో అప్పజెబుతున్న పాఠం అది. ఆవిరికి నానినాని ఆమె వేలికొనలు తెల్లగా ముడతలు పడ్డాయి. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల ముఖాలు తడిమే మనిషే గాని, పలకరింపుకు మొహం వాచిపోయి ఉంది. అక్క పోయాక ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. మొటిమలు తగ్గినవాళ్లు మళ్లీ రారు. సంతలో ఎదురుపడితే, ఎక్కడ గుట్టు బయటపడుతుందోనని తల తిప్పుకుంటారు.

యురానిస్ ఒక్కతే వేరు. రొట్టెల దుకాణంలో పనిచేసే ఈ పిల్ల పదమూడో ఏటి నుంచీ ప్రతి గురువారం వస్తోంది. చుట్టరికం లేకపోయినా, చేపల అంగడి అవతలి నుంచి కూడా “పిన్నీ!” అని కేకేస్తుంది.

ఆ మధ్యాహ్నమూ వచ్చింది, వేడి జున్నురొట్టె కాగితంలో చుట్టుకుని. నూబియా ఆమె జుట్టు ఎగదువ్వి, తాను కుట్టిన పసుపు గుడ్డపట్టీ కట్టి, దీపం వేసింది.

“ఏం పిన్నీ, నా ముక్కు మీద కార్నివాల్ దీపాలు ఇంకా ఆరలేదా?”

నూబియా దీపాన్ని ఇంకాస్త దగ్గరకు జరిపింది. పోయిన రెండు వారాలూ ఆ ముఖం తేటగానే ఉంది. “ఇంకా ఉన్నాయే” అని తానే బొంకింది.

“ఉంటే చెప్పెయ్యి. కార్నివాల్ ఊరేగింపులో కుంబియా నాట్యం ఆడమని పిలిచారు. ఈ మొహమేసుకుని ఊరందరి ముందూ ఎగరనా? రానని చెప్పేస్తా.”

ఉన్నాయన్న ఒక్క మాట చాలు, గురువారాలు మిగులుతాయి. పిల్ల కళ్లు మూసుకుని ఎదురుచూస్తోంది.

“దీపాలు ఆరిపోయాయే తల్లీ,” అంది నూబియా చివరికి. “ఒకటీ అరా ఉన్నాయి, అవి అందరికీ ఉండేవే. ఇక నువ్వు రానక్కర్లేదు. అసలు ఎప్పుడో తగ్గాయే, నువ్వొస్తావని నేనే...”

“నిజంగానా!” యురానిస్ అప్పటికే లేచి తెర లాగేసింది. పట్టీ ఊడదీసి కుర్చీ మీద పడేసి, నూబియా చేతులు పట్టుకుని గిర్రున తిప్పింది. “పిన్నీ, నేను ఆడేటప్పుడు చూడు నా తడాఖా! వస్తుంటాలే!”

ఆ “వస్తుంటాలే” నూబియా చాలామంది నోట విన్నదే. పిల్ల చెప్పుల చప్పుడు వీధి మలుపు దాకా వినిపించింది.

తెర మళ్లీ మూసి, దీపాన్ని తన వైపు తిప్పుకుని అద్దంలో చూసింది. వయసుతో నూనె ఇంకిపోయిన ముఖం. ముక్కు పక్కన గాని, గడ్డం మీద గాని ఒక్క చుక్కయినా లేదు.

“ఆఖరికి మీరు కూడానా!” అంది ఆ లేని చుక్కలతో. నవ్వబోయింది, ఏడుపొచ్చింది.

సాయంత్రం తువ్వాళ్లూ మిగతా పట్టీలూ సబ్బునీళ్లలో నానేసి, తలుపు తాళం వేసుకుని వెళ్లిపోయింది. కుర్చీ చేతి మీద పసుపు గుడ్డపట్టీ ఒక్కటి ఉండిపోయింది, నుదురు ఆనినచోట చిన్న నూనె మరకతో.