జాజ్జా గచ్చులో రెండు మోకాళ్ళు

నేను వేసిన గచ్చు మీద చిన్న గీత కూడా కనబడదు. ఈ మాట మా ఉగాండాలోని మసాకా టౌనులో నేను చెప్పని మనిషి లేడు. చెప్పి చెప్పి ఆఖరికి నాలొంగో నాంతుమె దగ్గర కూడా చెప్పాను. కవలల్ని కన్న తల్లి కాబట్టి అందరూ ఆమెను నాలొంగో అనే పిలుస్తారు. బస్టాండు ఎదురుగా మూడంతస్తుల హోటలు కడుతోంది. ఆ మూడంతస్తుల గచ్చులూ నా చేతికే రావాలని నాకు పట్టరాని ఆశ.

"క్యేయునె గారింట్లో ఎర్ర గచ్చు వేస్తున్నానమ్మా. గురువారం సాయంత్రం వచ్చి చూడండి. ఎక్కడైనా మచ్చ కనబడితే నాకు పని ఇవ్వనే వద్దు" అన్నాను.

"చూస్తాలే వలుగెంబె. నీ మాటలంత నున్నగా ఉంటే చాలు" అందామె.

క్యేయునె గారు కాఫీ గింజల వ్యాపారి. కొత్త ఇల్లు ఆయనదే గానీ పెత్తనం మాత్రం ఆయన తల్లిది. ఊరందరికీ ఆవిడ జాజ్జాయే, నాయనమ్మే. ఎనభై దాటాయి, కళ్ళకు శుక్లాలు వచ్చాయని చెబుతారు. అయినా ఆడపిల్ల తన ముందు రెండు మోకాళ్ళూ నేలకు ఆనించి పలకరించిందా లేదా అన్నది మాత్రం ఆవిడకు ఎలాగో తెలిసిపోతుంది. మనవడు లుటాయ పెళ్ళి చేసుకుంటానని ఇప్పటికి ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొచ్చి చూపించాడు. మొదటి పిల్ల ఒక్క మోకాలే వంచింది. రెండో పిల్ల రెండూ వంచింది గానీ ఫోను చూసుకుంటూ వంచింది. ఇద్దరికీ మటోకె అనే అరటికాయ ముద్ద, వేరుశనగ పులుసు కడుపునిండా పెట్టించి మరీ పంపించేసింది.

"ఇంకొక్కదాన్ని తీసుకురా. అదీ ఇంతే అయితే కలుంగులో నేను చూసిపెట్టిన పిల్లే ఖాయం" అని తేల్చేసింది. కలుంగు పిల్ల ఆవులు పితకడంలో దిట్ట. లుటాయకు ఆవు అంటేనే భయం.

ఆ మూడో పిల్ల పేరు నకాయిజా. కంపాలాలో ఏదో బ్యాంకులో పని చేస్తుంది. గురువారమే వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వీధి తలుపుకు అడ్డంగా పురికొస బదులు ముళ్ళకంప కట్టి ఉండేవాణ్ణి.

ఆ మధ్యాహ్నం ముందుగది గచ్చు పూర్తి కావచ్చింది. వీధి తలుపు వైపు మొదలుపెట్టి, తాపీతో నునుపు చేసుకుంటూ, వెనక్కి జరుగుతూ లోపలి గుమ్మం దగ్గరికి వచ్చాను. ఆ గుమ్మం అవతల చాప పరుచుకుని జాజ్జా కూర్చుంది. పొద్దుటి నుంచీ నాకు పని నేర్పుతూనే ఉంది. గచ్చు అద్దంలా మెరుస్తోంది. తడి గచ్చుతో వచ్చిన చిక్కే అది, చూసేవాళ్ళకు ఆరిపోయినట్టే ఉంటుంది.

నకాయిజా వీధి గుమ్మంలోకి వచ్చింది. మెరుస్తున్న నేలను చూసింది, మర్యాద తెలిసిన పిల్ల కాబట్టి చెప్పులు విప్పబోయింది. ఎత్తు మడమల చెప్పులు. ఒంటికాలి మీద నిలబడి రెండోది లాగేసరికి తూలింది, పురికొస తగిలింది. రెండు మోకాళ్ళూ ధబ్బుమని నా గచ్చులో దిగబడ్డాయి. చేతిలోని చెప్పు ఎగిరి మడమ కిందికై పక్కనే గుచ్చుకుంది.

నేను గుమ్మం మీదే లేచి నిలబడ్డాను.

"ఎవరది?" అంది జాజ్జా.

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. గుచ్చుకున్న చెప్పు పీకి వెనక దాచేసుకుంది. దాచుకుని, "జాజ్జా, నేను నకాయిజానండి. ఎలా ఉన్నారు? రాత్రి బాగా నిద్ర పట్టిందా?" అంది.

"ఊఁ" అంది జాజ్జా. "బాగానే పట్టింది. నీకు?"

"పట్టిందండి."

"ఊఁ."

"ఊఁ."

మా పలకరింపులు తెలిసినవాళ్ళకు నా బాధ వేరే చెప్పనక్కర్లేదు. ఒక్కో ఊఁకీ ఆ మోకాళ్ళు ఇంకాస్త దిగుతున్నాయి. పెద్దావిడ వదిలేదాకా పిల్ల లేవకూడదు.

"మీ అమ్మ బాగుందా?"

"బాగుందండి."

"నాన్న?"

"బాగున్నారండి."

"మీ వైపు వానలు పడ్డాయా?"

"అమ్మా, గచ్చు..." అన్నాను.

"పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే మధ్యలో దూరతావేంట్రా? మీ మేకలు ఈనాయా, తల్లీ?"

మేకలు ఈనాయి. ఒక్కోటి రెండేసి పిల్లల్ని పెట్టింది. అవీ బాగున్నాయి. అన్నీ అయ్యాక జాజ్జా లెమ్మంది. ఈలోగా పెరట్లోంచి క్యేయునె గారూ లుటాయా పరుగెత్తుకొచ్చి నా వెనక నిలబడ్డారు.

"చూశారట్రా? తడి గచ్చని కూడా చూడకుండా మోకరిల్లింది! నా జన్మలో నన్ను ఇంత లోతుగా పలకరించిన పిల్ల లేదు. ఇదేరా నా మనవరాలు!" అంది జాజ్జా.

నేను ఇల్లు చుట్టి వీధి వైపు పరుగెత్తాను, ఒక చేతిలో మాలు గిన్నె, ఇంకో చేతిలో తాపీ. అరగంట దాటితే గచ్చు బిగుసుకుపోతుంది, ఆ తర్వాత ఎంత పూడ్చినా అతుకు అతుకులాగే కనబడుతుంది.

"ఆ గుంటలు ముట్టుకున్నావో, చెయ్యి విరుస్తా!" అని లోపలి నుంచి జాజ్జా కేకేసింది.

"అమ్మా, కొత్త ఇల్లు కదా!" అన్నారు క్యేయునె గారు, ఏడుపు ఒక్కటే తక్కువ.

"ఇల్లు నీది. ఆ మోకాళ్ళు నావి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకో గంటలో నాలొంగో వస్తుంది. నిజం నా నాలుక చివరే ఉంది. 'అమ్మా, ఆ పిల్ల మోకరిల్లలేదు, పడింది' అంటే చాలు. గుంటలు పూడతాయి, నా పేరు నిలుస్తుంది, మూడంతస్తులూ నావే. నోరు తెరిచాను.

కుళాయి దగ్గర నకాయిజా మోకాళ్ళు కడుక్కుంటోంది. చర్మం దోక్కుపోయింది. లుటాయ చెంబుతో నీళ్ళు పోస్తూ వెర్రివాడిలా నవ్వుతున్నాడు. నేను చూశానని ఆ పిల్లకు తెలుసు. నా వైపు చూసిందే గానీ ఏమీ అడగలేదు. బతిమాలి ఉంటే కోపంతో చెప్పేసేవాణ్ణేమో. అడగకపోయేసరికి నా నోరు దానంతటదే మూసుకుంది.

కూర్చుని ఆ రెండు గుంటల అంచులు సరిచేశాను. నా పెళ్ళినాడు గడ్డం కూడా అంత శ్రద్ధగా గీసుకోలేదు. పక్కన చెప్పు మడమ చేసిన చిన్న బొక్క ఉంది. మోకరిల్లడానికి వచ్చిన పిల్ల చెప్పును నేలలో గుచ్చదు. ఎవరూ చూడకుండా దాన్ని మాత్రం పూడ్చేశాను.

నాలొంగో అన్న వేళకే వచ్చింది. పురికొస ఇవతలే నిలబడి చాలాసేపు చూసింది.

"మచ్చ ఉండదన్నావు. ఇక్కడ ఏకంగా మనిషే సగం ఉంది" అంది.



"పూడ్చనివ్వంది నేనే నాలొంగో! వాణ్ణేమీ అనకు!" అంది జాజ్జా లోపలి నుంచి.

నాలొంగో నన్ను ఎగాదిగా చూసింది. "నా పాత మేస్త్రీ ఒక్క ముక్క వినేవాడు కాదు. నువ్వు వింటున్నావన్నమాట. సరే, వంటిల్లు వేసి చూపించు. అందులో మోకాళ్ళు లేకపోతే మిగతా సంగతి ఆలోచిద్దాం."

మూడంతస్తులు కాస్తా వంటింటి దగ్గర ఆగాయి.

మర్నాడు పొద్దున గచ్చు మీద తడి గోనెపట్టాలు పరుస్తుంటే జాజ్జా చాప మీద నుంచి పిలిచింది.

"వలుగెంబె, ఆ చెప్పు మడమ బొక్క బాగా పూడ్చావురా. ఎంత వెతికినా కనబడలేదు."

గోనెపట్టా వదిలేసి ఆవిడ వైపు తిరిగాను. "అమ్మా... మీకు శుక్లాలు కదా?"

"ఒక కంటికే. రెండో కంటి సంగతి ఎవరూ అడగలేదు."

"మరి పడిందని తెలిసి కూడా..."

"పడితే ఎవరైనా అబ్బా అంటారు. నేనైతే ముందు నిన్ను తిట్టేదాన్ని. అది మోకాళ్ళు చీరుకుపోయి కూడా నాకు నిద్ర పట్టిందా అని అడిగింది. సరేలే అని మేకల దాకా లాగాను, చూద్దామని. లేవలేదు. నువ్వు నోరు తెరవడమూ చూశాను, మూయడమూ చూశాను. ఊఁ, కానీ. ఏడు రోజులు నీళ్ళు పట్టు. ఆ మోకాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువ పట్టు."

పాతికేళ్ళుగా గచ్చులు వేస్తున్నాను. మచ్చ ఉన్న గచ్చును చూసి సంతోషం కలగడం అదే మొదటిసారి. బకెట్టు తెచ్చి ముందు ఆ రెండు గుంటలే నింపాను.