రెండు యాంటెన్నాల కాపురం

ఆ ఇంట్లో ఇద్దరు యాంటెన్నా ఇంజినీర్లు ఉండేవారు. ఇద్దరిదీ ఒకే ఫోన్ల కంపెనీ. అది చాలదన్నట్టు ఇద్దరూ మొగుడూ పెళ్ళాలు.

అతని పని సిగ్నల్ చూడటం. గోదాముల్లో, సెల్లార్లలో, మెట్ల కింద ఫోను పట్టుకుని తిరుగుతూ మాట ఎక్కడ తెగిపోతోందో కనిపెట్టేవాడు. ఆమె పని ఫోన్లోంచి వెలువడే రేడియేషన్ మనిషి తలలోకి ఎంత దిగుతుందో కొలవడం. అందుకోసం ల్యాబులో ఒక బొమ్మ తలకాయ ఉండేది. అందులో మెదడును పోలిన ద్రవం పోసి, చెంపకు ఫోను ఆనించి, సన్నటి కడ్డీ ముంచి రీడింగు చూసేది.

"చెప్పినట్టల్లా వినే తలకాయ దొరికింది నీకు. ఇక నాతో పనేముంది?" అనేవాడతను.

"దాని లోపల ద్రవమైనా ఉంది," అనేది ఆమె.

కొత్త ఫోనుకు యాంటెన్నా ఎక్కడ పెట్టాలన్న దగ్గర అసలు పేచీ వచ్చింది. పై అంచున పెట్టాలని అతని పట్టు. అక్కడైతే చెయ్యి అడ్డురాదు, సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ అది సరిగ్గా చెవి పక్కన. ఆమె కొలిచి చూస్తే రీడింగు ప్రభుత్వం పెట్టిన హద్దు లోపలే ఉందిగానీ, వెంట్రుకవాసిలో ఆగింది. కింది అంచున పెడితే తలకు దూరంగా ఉంటుంది, రీడింగు సగానికి పడిపోతుంది. కాబట్టి కిందే పెట్టాలని ఆమె పట్టు.

ఇంట్లో నువ్వు, నువ్వు అనుకునే ఇద్దరూ మీటింగులో మాత్రం పరమ మర్యాదగా పోట్లాడుకునేవారు.

"రీడింగు హద్దు లోపలే ఉందిగా మేడమ్, ఇంకా మీ బాధేంటి?"

"హద్దు గోడెక్కి కూర్చుని కాళ్ళు అవతలికి ఊపుతోంది సార్. అదీ నా బాధ."

"సిగ్నల్ అందకపోతే ఫోను గొంతు చించుకుంటుంది మేడమ్. రేడియేషన్ పెరిగేది అప్పుడే. కాస్త అదీ చూడండి."

ఆమె ఆ మాట వినిపించుకోలేదు. మేనేజరు కళ్ళజోడు తీసి నుదురు రుద్దుకున్నాడు. "వచ్చే మీటింగుకి ఇద్దరూ ఒక్క మాట మీదికి రండి. ఎటూ ఒకే ఇంట్లో ఉంటారు, ఇంతకన్నా వీలేం కావాలి?" అన్నాడు.

ఇంట్లో ఏం వీలో ఆయనకేం తెలుసు! అక్కడ అత్తగారుండేది. ఆవిడకు రేడియేషన్ అంటే హడలు. ఫోను పైమూలను రెండు వేళ్ళతో, ఎలుకను తోకపట్టి ఎత్తినట్టు పట్టుకుని, జానెడు దూరంలో ఉంచి, స్పీకరు పెట్టి అరుస్తుంది. దాంతో ఆవిడ చెల్లెలి ఇంటి సంగతులు ఆ భవనంలో అందరికీ కంఠతా వచ్చేశాయి.

"అంత భయం అక్కర్లేదు అత్తయ్యా. కొలిచాకే కదా బయటికి వదులుతాం," అంది కోడలు.

"కొలిచేవాళ్ళే రోజూ కొట్టుకుంటుంటే నాకు నమ్మకం ఎట్లా కుదురుతుంది అమ్మాయ్?"

ఒక సెలవురోజు అతను తల్లికి కళ్ళు పరీక్ష చేయించడానికి తీసుకెళ్ళాడు. కింద యాంటెన్నా ఉన్న నమూనా ఫోను జేబులో వేసుకున్నాడు, తప్పులు పట్టాలని. ఆమె ఇంట్లో బట్టలు ఆరేస్తుండగా ఆ నంబరు నుంచే ఫోను మోగింది.

"అమ్మాయ్! తిరిగొస్తుంటే మన లిఫ్టు ఆగిపోయింది! సెల్లారు దగ్గర... చీకటి..." అత్తగారి గొంతు తెగుతూ వచ్చింది. వెనక నుంచి అతను ఏదో గొణుగుతున్నాడు.

చేతిలో తడి చొక్కాతోనే ఆమె మెట్లన్నీ దిగింది. అత్తగారికి ఆయాసం. లోపల గాలి ఆడుతోందో లేదో! కాపలాదారును లిఫ్టు మెకానిక్కు కోసం తరిమి, తలుపు సందుకు నోరు ఆనించింది.

"అత్తయ్యా, బాగున్నారా?"

"నాకేం, దుక్కలా ఉన్నా. వీడే చెమటలు కక్కుతున్నాడు."

"నీ యాంటెన్నా నిర్వాకం చూశావా?" లోపలి నుంచి అతని అరుపు. "ఎన్నిసార్లు చేసినా కలవలేదు!"

"మరి ఇప్పుడెలా కలిసింది?"

"అమ్మ లాక్కుంది. తన పద్ధతిలో పట్టుకుంది. వెంటనే ఒక సిగ్నల్ గీత వచ్చింది," అన్నాడు ఒప్పుకోలేక ఒప్పుకుంటూ.

ఆమె మెట్టు మీద కూలబడింది. భయానికి అతను ఫోన్ను గుప్పిట బిగించి ఉంటాడు. అరచెయ్యి సరిగ్గా యాంటెన్నాను కప్పేసి ఉంటుంది. ఆమె తలకాయను కొలిచింది, చెంపను కొలిచింది. కానీ భయపడిన మనిషి ఫోన్ను ఎలా పట్టుకుంటాడో ఒక్కసారీ చూడలేదు. మీటింగులో అతను మొత్తుకున్నదీ గుర్తొచ్చి, ఎవరూ చూడకపోయినా మొహం వేడెక్కింది.

"విను," అంది తలుపుతో. "తప్పు నాది. చేతి సంగతి వదిలేశాను."



"ఏరా, పెళ్ళాం తప్పు ఒప్పుకుంటే నోరు పడిపోయిందా?" అంది అత్తగారు.

"పైన పెడితే చెవికి మరీ దగ్గరే," అన్నాడతను మెల్లగా. "రోజూ గంటలకొద్దీ మాట్లాడేవాళ్ళకి... నేనూ పట్టించుకోలేదు."

"రెండూ పెడదామా? మామూలప్పుడు కిందది పనిచేస్తుంది. చెయ్యి మూసేస్తే ఫోను పైదానికి మారుతుంది. చెవి దగ్గరుంటే పైదాని జోరు తగ్గించుకుంటుంది."

"ఫోను లావవుతుంది. మేనేజరు ఒప్పుకోడు."

"అవనీరా," అంది అత్తగారు. "పెళ్ళయ్యాక నువ్వు లావవలేదూ? నిన్నెవరైనా వద్దన్నారా?"

మెకానిక్కు వచ్చి తలుపు తీసేసరికి తలుపుకు అటూ ఇటూ ముగ్గురి నవ్వూ కలిసిపోయింది. అతను బయటికి రాగానే ఆమె చేతిలోని తడి చొక్కా తీసుకుని మొహం తుడుచుకున్నాడు. అది అతనిదే.

మీటింగులో ఫోను ఆకారం గీసే కుర్రదైతే, బియ్యపుగింజంత మందం పెరిగినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది. మేనేజరు ఒకటికి రెండుసార్లు నిట్టూర్చి సరేనన్నాడు. ఆ తర్వాత ఆమె ల్యాబులోకి రబ్బరు చెయ్యి ఒకటి వచ్చింది, రకరకాల పట్లు పట్టించి మళ్ళీ అన్నీ కొలిచింది. రీడింగు హద్దుకు చాలా దిగువన నిలిచింది. అతను తిరిగిన సెల్లార్లలో మాట తెగలేదు.

ఇంత చక్కగా కలిసి పనిచేశారు కదా అని మేనేజరు మురిసిపోయి, ఇద్దరి బల్లలూ పక్కపక్కన వేయించాడు. తర్వాతి పని చేతి గడియారానికి యాంటెన్నా. పట్టీలో పెట్టాలని ఆమె, అంచులో పెట్టాలని అతను.

మధ్యాహ్నం కాకముందే ఆ అంతస్తు వాళ్ళంతా కలిసి మేనేజరు గది ముందు నిలబడ్డారు, దయచేసి వాళ్ళ బల్లలు విడదీయమని.