సినిమాకు తర్జుమా

జీవరాజు మాస్టారికి రెండింటి మీద భక్తి: ఒకటి దేవుడు, రెండోది విదేశీ నవతరంగం సినిమాలు. మొదటిదానికి పద్మారావు నగర్ చర్చి నిండా తోడున్నారు. రెండోదానికి ఆ చర్చి వెనక హాలులో నెలకోసారి ఆయనా, ఖాళీ కుర్చీలూ, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చే ఒకరిద్దరూ. సినిమాకు ముందు ఆయనిచ్చే ఉపన్యాసానికే సగంమంది జారుకునేవారు. ఆ మాట మాత్రం ఆయన ఒప్పుకోడు.

ఈసారి సంఘం కమిటీ పెద్ద డేవిడ్ రాజు తేల్చి చెప్పేశాడు. ఈ శనివారం కూడా హాలు బోసిపోతే ఇక ట్యూషన్లకు ఇచ్చేస్తామన్నాడు. మాస్టారికి అన్నం సయించలేదు. ఆయన భార్య దేవకృప స్త్రీల సమాజాన్నీ, పుట్టిల్లు లాలాగూడ నుంచి ఇరుగుపొరుగునూ పోగేసుకొచ్చింది. ఉపన్యాసం సినిమా అయ్యాకే అని మొగుడి దగ్గర మాట కూడా తీసుకుంది.

సినిమా అరవైల నాటి చెకోస్లొవేకియాది. అక్కడి కుర్ర దర్శకులు సర్కారును ఏమీ అనకుండానే అన్నీ అనేసిన కాలమది. కథలో ఊరి గడియారం ఆగిపోతుంది. పెద్ద నాయకుడు మెచ్చుకున్న గడియారం కనుక ఆగిందని పైకి అనే ధైర్యం ఎవరికీ లేదు. తెర అడుగున ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతుంటే హాలులో ఆవలింతలు మొదలయ్యాయి. ఇద్దరు లేచారు కూడా. పక్కనున్న లాలాగూడ కమలాబాయి ఏమంటున్నారని అడిగితే దేవకృప చెవిలో చెప్పింది. వెనకవాళ్లు గట్టిగా చెప్పమన్నారు.

ఇక అలవాటు ఊరుకుంటుందా? చర్చికి ఇంగ్లీషు ప్రసంగీకులు ఎవరొచ్చినా పక్కన నిలబడి తర్జుమా చేసేది దేవకృపే. వాళ్లు చెయ్యెత్తితే తనూ ఎత్తుతుంది, గొంతు పెంచితే తనూ పెంచుతుంది. లేచి తెర పక్కన నిలబడింది. తెర మీద ఆ ఊరి కమిటీ అధ్యక్షుడు బల్ల గుద్దాడు. ఈమె గోడ గుద్దింది.

“గడియారం కరెక్టే ఉన్నది. సూర్యుడే జెర లేటొస్తున్నడు.”

హాలు గొల్లుమంది. సినిమా మౌనంగా చూడాలని ఏళ్లుగా మొత్తుకుంటున్న మాస్టారికి ఒళ్లు మండింది. ఆపిద్దామని సగం దూరం వెళ్లాడు. లేచినవాళ్లు మళ్లీ కూర్చోవడం చూసి తనూ దొరికిన కుర్చీలో కూలబడ్డాడు. తెర మీది కమిటీ తీర్మానాన్ని దేవకృప తెలుగులో చదవగానే వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది డేవిడ్ రాజే. ట్యూషన్లు వరండాలో పెట్టించుకుందాంలెండి మాస్టారూ అని, లైట్లు వేయకముందే మాటిచ్చేశాడు.

సినిమా అయ్యాక మాస్టారు లేచాడు. ఈ సినిమా వచ్చిన కొన్నాళ్లకే ఆ దేశంలోకి పొరుగు దేశాల ట్యాంకులు దిగాయనీ, దీన్ని పెట్టెలో పెట్టి తాళం వేశారనీ చెప్పాడు. ఇంకా చాలా చెప్పాలనుకున్నాడు. ఈలోగా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే రాఘవేందర్ నిలబడ్డాడు.

“ఎవల్నీ తిట్టలే, కొట్టలే. గిట్ల నవ్వించినందుకే బంద్ చేసిన్రా సార్?”

మాస్టారు ఇన్నేళ్లూ గొంతు చించుకున్నా ఎవరి చెవికీ ఎక్కనిది ఇదే. ఎంత ఆపుకున్నా ఆయనకు కళ్లు చెమ్మగిల్లాయి. తల మాత్రం ఊపాడు.

దేవకృప జనం వైపు తిరిగింది.

“అవునంటున్నరు,” అంది.