ఆదెమ్మ చోటు

"ప్లేట్లాయన వస్తున్నాడు!" అని బ్రహ్మం వీధిలోంచే కేక వేశాడు. సగం చెవుడున్న శేషమ్మకు అది "పలకలాయన" అని వినిపించింది. ముసలమ్మ కోడలు కోటమ్మను గదమాయించి, తోమిన పలకలన్నీ కడిగించి అరుగు మీద దొంతరలుగా పేర్పించింది. తీరా వచ్చినవాడు మద్రాసులో గ్రామఫోను పాటల ప్లేట్లు వేసే కంపెనీ మనిషి. ముసలమ్మ తప్పేమీ లేదు. అదీ నలుపే, ఇదీ నలుపే. దాని మీద ముల్లు పెడితే పాట, దీని మీద బలపం పెడితే పాఠం.

"పలకలకు కాదమ్మా, పాటకు!" బ్రహ్మం తల్లి చెవిలో అరిచాడు.

"పాతవా? పాతవి లేవు నాయనా, అన్నీ కొత్తవే," అన్నది శేషమ్మ, అతిథికి పలక చూపిస్తూ.

అందరూ నవ్వారు. తలుపు వెనక నిలబడ్డ కోటమ్మ నవ్వలేదు. పలకలు చేసే ఇంట్లో కోడలు పలకకూడదు. పలకకు చట్రం, కోడలికి చట్టం.

"తర్లుపాడు స్టేషన్లో పలకలు ఎత్తే ఆడవాళ్ళు ఒక పాట పాడుతున్నారు. అది మీ ఇంటి పాటేనటగా?" అన్నాడు మద్రాసు మనిషి.

"నాదే సార్," అంటూ బ్రహ్మం హార్మోనియం పెట్టె ముందుకు లాక్కున్నాడు.

నాదే. ఆ మాట కోటమ్మ అరిచేతిలో రాతి పెచ్చులా గుచ్చుకుంది. ఒకప్పుడు ఆమె అడిగింది, కట్టింది నేను గదా అని. "నోటికొచ్చింది గొణిగితే పాటవుతాదా? రాగం నాది, గొంతు నాది. నీదేంది, నీళ్ళు చల్లడమా?" అన్నాడు బ్రహ్మం. నిజమే, నీళ్ళు చల్లడమే ఆమెది. ఇసుక పోసి, నీళ్ళు చల్లి, పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా రాళ్ళు తోమడం. వేలి గీతలు అరిగిపోయాయి. రాళ్ళు నున్నబడ్డాయి గాని బతుకు నున్నబడలేదు. అప్పట్లో ఆ పనిలో ఆమెకు తోడు పక్కన గుడ్డ ఉయ్యాలలో మూడేళ్ళ కూతురు ఆదెమ్మ. తల్లి పాటలోనే ప్రశ్న వేసేది, ఆగేది. బిడ్డ కథ విన్నట్టు ఊఁ కొట్టేది. ఊఁ రాకపోతే తల్లి అదే చరణం మళ్ళీ ఎత్తుకునేది. మొగుడు ఏనాడూ ఆమె మాటకు ఊఁ కొట్టలేదు. "ఊఁ అనుకుంట కూచునేదానికి నాకు పనిలేదా?" అనేవాడు. బిడ్డ మాత్రం నోట్లో వేలు పెట్టుకుని కూడా ఊఁ అనేది. ఆ ఊఁ ఎక్కడ పడితే అక్కడే తరవాతి చరణం పుట్టేది.

బిడ్డకు జ్వరం వచ్చింది. "మార్కాపురం ఆసుపత్రికి తీసకపోదాం, బండి కట్టయ్యా," అన్నది కోటమ్మ. "రేపు చూద్దాం. నాటకముంది," అన్నాడు బ్రహ్మం, పెట్టె భుజానికెత్తుకుంటూ. "జిల్లా బోర్డు బడుల పలకలు పొద్దున్నే పోవాల. చేతులు ఆడించు," అన్నది అత్త. ఆడించింది. చేతులు రాతి మీద, చెవులు ఉయ్యాల మీద. మూడో రోజు మధ్యాహ్నం పాడుతూ ప్రశ్న వేసి ఆగింది. ఊఁ రాలేదు. మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది. మళ్ళీ ఆగింది. ఎన్నిసార్లు ఎత్తుకుందో ఆమెకే తెలియదు. పక్కింటి హలీమాబీ పరుగెత్తుకొచ్చి ఉయ్యాల గుడ్డ తొలగించి, "చాలు కోటక్కా, ఇంక చాలు," అని ఆమె చేతిలోని రాయి లాక్కునేదాకా పాడుతూనే ఉంది.

ఇప్పుడు బ్రహ్మం పాడుతున్నాడు.

*నల్లమల మీద మబ్బు వంగినాదా*
*నా తల్లి కంటికి నిద్ర వచ్చినాదా*

చరణానికీ చరణానికీ మధ్య హార్మోనియం గలగలలాడింది. ఈగ దూరే సందు కూడా మిగల్లేదు. కోటమ్మకు బిడ్డ ముఖం మీద మట్టి పోస్తున్నట్టు అనిపించింది. ప్లేటు వేస్తే ఇదే నిలిచిపోతుంది. దేశమంతా ఇలాగే పాడుతుంది. బిడ్డది లోకంలో మిగిలింది ఆ కాస్త జాగా ఒక్కటే. అదీ పూడిపోతుంది.

మద్రాసు మనిషి తల అడ్డంగా ఊపాడు. "ఇది కాదండీ. స్టేషన్లో విన్నదాంట్లో ఇక్కడ ఆగారు. ఆ ఆగడమే నన్ను రైలెక్కనివ్వలేదు."

"అది తప్పు సార్. మోతబరువుకు ఊపిరాడక ఆగుతారు ఆడోళ్ళు. నేను సరిజేసినా."

"ఆమె దగ్గర నేర్చుకున్నామని మీ ఇంటావిడ పేరే చెప్పారు వాళ్ళు. ఈ పాట కట్టింది ఎవరండీ, నిజం చెప్పండి?"

తలుపు చప్పుడైంది. కోటమ్మ తడి చేతులతోనే వసారాలోకి వచ్చింది.

"ఇద్దరం కట్టినాము నాయనా."

బ్రహ్మం ముఖం వెలిగింది. కండువా సర్దుకున్నాడు. "అదే సార్ నేను చెప్పేది. మొగుడూ పెళ్ళాల జోడీ," అన్నాడు. మద్రాసు మనిషి జేబులోంచి కాగితం తీసి, "అయితే రెండు పేర్లూ రాసుకుంటాను," అన్నాడు.

"రాసుకో. కోటమ్మ, ఆదెమ్మ."

కండువా మీద బ్రహ్మం చెయ్యి అట్లాగే ఆగిపోయింది. "ఆదెమ్మ ఎవరు?" అన్నాడు మద్రాసు మనిషి. గుమ్మంలో నిలబడ్డ హలీమాబీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"లోపలికి పో," అన్నాడు బ్రహ్మం.

పోలేదు. అరుగు మీది పలకల పక్కన కూర్చుని కోటమ్మ పాడింది. మబ్బు వంగినాదా అని అడిగి, ఆగింది. అలవాటు కొద్దీ బ్రహ్మం వేళ్ళు హార్మోనియం మెట్ల మీదికి పోయాయి. ఆమె తడి చెయ్యి చాచి పెట్టె తిత్తి నొక్కిపట్టింది. గాలి ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. వసారా అంతా ఆగింది.

"ఏమంటాంది? ఏందిరా అంటాంది?" శేషమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అందరి ముఖాలూ చూసింది.

కోటమ్మ అత్తకు వినబడేంత గట్టిగా, వీధికి కూడా వినబడేంత గట్టిగా చెప్పింది.

"మరిచిపోయి ఆగింది కాదత్తా. ఊపిరాడక ఆగింది గూడా కాదు. అక్కడ నా బిడ్డ ఊఁ అనేది. ఇంక ఎవరు పాడినా సరే, అక్కడ ఆగాల."