గేటు లేని గోడ

సాయంత్రం ఏడు కొట్టగానే గ్లెనిస్ రెన్‌షా రెండు కుర్చీలు మోసుకొచ్చి గోడ పక్కన వేసేది. ఒకటి తనకి, రెండోది పక్క పొలం మక్‌దారా ఫాహర్టీకి. భూమికి దక్షిణపు కొసన ఫిబ్రవరి అంటే నడివేసవి. ఆ ఎండకి విక్టోరియా పడమటి పల్లెలన్నీ పెనం మీదున్నట్టు వేగిపోతుంటే, ఆ గోడ దగ్గర కూర్చోవాలంటే మాత్రం శాలువా కావాలి. రాళ్ళ మధ్య వదిలిన కన్నాల్లోంచి చల్లగా, తడితడిగా, ఉప్పు వాసన వేస్తూ గాలి వచ్చేది. అది మక్‌దారా పుట్టిన, ఎక్కడో ఐర్లండులో ఉన్న ఇనిష్‌మాన్ దీవి గాలి.

మక్‌దారా గోడ కట్టిన నాటినించీ, పంతొమ్మిదేళ్ళుగా ఆ గాలి అలాగే వీస్తోంది. గ్లెనిస్ తన వెన్నగిన్నెను మూడో వరస కన్నంలో పెట్టుకునేది. ఉత్తరాలు పంచే ఆమె దారిన పోతూ ఆగి, ముఖం కాసేపు గోడకి ఆనించి పోయేది. శనివారం వచ్చిందంటే పబ్బు వాళ్ళు బీరు సీసాలు తెచ్చి కన్నానికొకటి దూర్చేవాళ్ళు. ఐర్లండు వాడు కట్టిన గోడలోంచి ఐర్లండు గాలి రాక మరేం వస్తుందని అందరూ అనుకున్నారు, అంతటితో ఆ మాట అయిపోయింది.

గాలి గురించి ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా గోడ గురించే.

ఆ ప్రాంతంలో గోడంటే రెండు వరసల రాయి, మధ్యలో చిన్నరాయి కూరి, కుందేలు ముక్కు కూడా దూరకుండా కట్టేది. మక్‌దారాది ఒంటిరాతి గోడ. సున్నం లేదు, మట్టి లేదు, అవతల ఆకాశం కనబడుతుంది. "గోడ కట్టమంటే జల్లెడ కట్టాడు" అని పబ్బులో నవ్వని రోజు లేదు. మక్‌దారా తొణికేవాడు కాదు.

"మీ గోడ గాలితో కుస్తీ పడుతుంది. మా గోడ గాలికి దారిస్తుంది. పోయినేడు పెనుగాలికి ఎవరి గోడ పడిందో చెప్పండి" అనేవాడు.

పడింది వాళ్ళదే. అందుకని బీరు వైపు చూసేవాళ్ళు.

ముప్పై ఒక్క ఏళ్ళ కిందట వచ్చాడతను ఈ దేశానికి. ఇప్పుడు అరవై దాటాయి. చేతుల్లో పనుంది, పేరుంది, ఎనిమిది ఎకరాల పొలముంది. అయినా నోరు తెరిస్తే "మా దీవిలో అయితే" అనే మొదలుపెట్టేవాడు. మా దీవిలో అయితే చావింటికి ఊరంతా వస్తుంది, ఇక్కడ కార్డు వస్తుంది. మా దీవిలో అయితే టీ ఒద్దంటే మూడుసార్లు అడుగుతారు, ఇక్కడ ఒకసారి ఒద్దంటే కెటిల్ కట్టేస్తారు. వచ్చిన కొత్తలో మర్యాదకని ఒద్దని, ఆరు నెలలు టీ లేకుండా గడిపాడట. ఆ కథ గ్లెనిస్ వందసార్లు విన్నది. విన్న ప్రతిసారీ, అడక్కుండానే అతని కప్పు నింపేది.

ఆ సాయంత్రం కూడా నింపుతూ పాత గొడవే ఎత్తింది.

"ఈ గోడకో గేటు పెట్టు మక్‌దారా. నీకు దండం పెడతా."

"మా దీవిలో గేట్లుండవు."

"తెలుసయ్యా, తెలుసు. ఈ పొలానికి ఉన్నది ఒక్క గేటు, అదీ ఉత్తరాన రోడ్డు మీదకి. రేపు కార్చిచ్చు రేగితే మంటలొచ్చేదీ ఉత్తరాన్నించే. నా నలభై రెండు ఆవులూ వచ్చి నీ గోడకి గుద్దుకుని నిలబడాలా?"

ఆమె భయం ఊరికే కాదు. మూడేళ్ళుగా వానల్లేవు. చుట్టుపక్కల పాడి చేసేవాళ్ళు ఒక్కొక్కరే మందలమ్ముకుని పట్నం పోయారు. గ్లెనిస్ మిగిలింది. ఆమె అమ్మమ్మ ఒక్క జెర్సీ ఆవుతో మొదలుపెట్టిన మంద అది. ఒక్కోదానికి పేరుంది, ఒక్కోదానికి కోపముంది. ఇవి పోతే నేనిక్కడ దేన్ని చూసుకుని బతకాలి అనేది.

"కంత తీయడానికి గేటెందుకు?" అన్నాడు మక్‌దారా. "పశువు వెళ్ళాలంటే రాళ్ళు దించుతాం. వెళ్ళాక మళ్ళీ పేర్చుతాం. చివర దాటినవాడు పేర్చాలి. కంత తెరిచి వదిలేసిన వాడికి మా ఊళ్ళో పిల్లనివ్వరు."

"పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి దించావా?"

అతను టీ తాగాడు. ఆ ప్రశ్నకి ఎప్పుడూ టీయే తాగుతాడు. కన్నాల్లోంచే ఇంత గాలి వస్తుంటే, కంత తీస్తే ఏం కనబడుతుందో అతనికి బాగా తెలుసు. చివర దాటినవాడు గోడ మూయాలన్నదీ తెలుసు. మూసేటప్పుడు తను ఎటువైపు నిలబడాలన్నదే తెలీదు. అటు నిలబడితే ఇక్కడి ముప్పై ఏళ్ళ బతుకు ఉత్తదైపోతుందని భయం, ఇటు నిలబడితే దీవిలో ఉండిపోయిన అక్క ముఖం ఎలా చూడాలని భయం. అందుకని రాయి ముట్టుకోలేదు.

గోడ అవతల బకెట్టు చప్పుడైంది. ఇక్కడ సాయంత్రమయ్యేసరికి అక్కడ తెల్లవారుతుంది. మక్‌దారా అక్క నాప్లా తన ఒక్క ఆవునీ తిట్టుకుంటూ పాలు పితకడానికి వచ్చే వేళ అది.

"నిలబడవే, నీకేమైనా పెళ్ళి ముహూర్తం దాటిపోతోందా?" అంటోంది నాప్లా.

మక్‌దారా నవ్వబోయి ఆగిపోయాడు. గ్లెనిస్ లేచి నిలబడింది. ఉత్తరాన ఆకాశం గోధుమరంగుకి తిరిగింది. ముందు పక్షులొచ్చాయి, వెనకే బూడిద వచ్చింది, ఆ వెనక రోడ్డవతల గడ్డి మీద ఎర్రటి గీత ఒకటి లేచి, చూస్తుండగానే రోడ్డు దాటింది. ఎక్కడో ఫైరింజను కూత వినిపించింది గానీ అది గ్లెనిస్ ఇంటివైపు పోతోంది.

ఆవులు పరుగెత్తుకొచ్చాయి. గ్లెనిస్ చెప్పినట్టే వచ్చి గోడకి గుద్దుకుని నిలబడ్డాయి. తూర్పున, పడమట తీగ కంచెలు. తీగ కోసినా అవతలున్నది ఎండుగడ్డే.

"మక్‌దారా!" అని గ్లెనిస్ అరిచింది. ఆ అరుపులో కోపం లేదు. బతిమాలుకోవడమే ఉంది.

అతను అప్పటికే పై వరస దించేశాడు. గోడ కట్టినవాడికి ఏ రాయి మీద ఏది నిలబడిందో తెలుసు. ఒకటి లాగితే మూడు జారేవి. రెండు నిమిషాల్లో ఆవు పట్టేంత కంత పడింది. కంతలోంచి కనబడాల్సింది అతని సొంత పొలం, అందులో ఎండిపోయిన గడ్డి. కనబడింది మాత్రం అరచేతి మందాన పచ్చిక, బూడిదరంగు బండలు, సన్నగా పడుతున్న జల్లు, ఆ జల్లులో బకెట్టు పట్టుకుని నిలబడిన అరవై ఎనిమిదేళ్ళ ఆడమనిషి.

అందరికన్నా ముసలిది, బెర్నీస్ అనే ఆవు, ముందు దూరింది. మిగతావి దాని వెనకే పోయాయి. గ్లెనిస్ ఒక్కోదాని వీపు మీద చరుస్తూ, లెక్కపెడుతూ, నలభై రెండో దానితో పాటు తనూ దాటింది. మక్‌దారా చివర దాటాడు. వెనక్కి తిరిగి చేతులు కాలుతుంటే రాళ్ళు పేర్చాడు. ఎటు నిలబడాలని పంతొమ్మిదేళ్ళు ఆలోచించినవాడికి ఆ క్షణాన ఆలోచించే తీరికే దొరకలేదు.

నాప్లా వాళ్ళనీ, మందనీ చూసింది. ఆవుల కాళ్ళ మధ్య చిక్కుకుపోయిన తన ఆవుని చూసింది.

"వస్తున్నానని ఒక్క కబురు లేదు. వచ్చినవాడు ఒక్కడే వచ్చాడా? నలభై మంది చుట్టాల్ని వెంటేసుకొచ్చాడు" అంది. ఆ తర్వాత బకెట్టు కింద పెట్టి, తమ్ముడి తల రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

గోడ కన్నాల్లోంచి ఇప్పుడు గాలి అటునించి వస్తోంది, వేడిగా, పొగతో. నాప్లా దగ్గింది. "ఇదేనట్రా మీ ఎండ? ఉత్తరాల్లో తెగ గొప్పలు రాశావు!"

గంట గడిచాక రాళ్ళు దించి చూశారు. ఇల్లూ, పాకా నిలిచాయి. ఫైరింజను వాళ్ళ పుణ్యం. గడ్డి మాత్రం పరక మిగల్లేదు. పొలమంతా నల్లగా పొగలు కక్కుతోంది. గ్లెనిస్ బూడిదలో రెండడుగులు వేసి నిలబడిపోయింది.

"బతికించుకున్నాను గానీ ఏం పెట్టి మేపను?" అంది. "రేపు లారీ పిలవాల్సిందే. కబేళాకి."

నాప్లా ఆ మాట విని దీవి వైపుకి తిరిగి, గొంతెత్తి పిలిచింది. ఇనిష్‌మాన్‌లో ఒకరు అరిస్తే అందరికీ వినబడుతుంది. జల్లులోనే ఒక్కొక్కరూ వచ్చారు, కోటు నెత్తిన కప్పుకున్నవాళ్ళూ, రొట్టెపిండి చేతులతోనే వచ్చినవాళ్ళూ. ఎవరి పొలమూ నాలుగు గదులంత ఉండదక్కడ, నలభై రెండు ఆవుల్ని ఏ ఒక్కరూ మేపలేరు. ఇంటికి రెండేసి అన్నారు. ఇరవై ఒక్క ఇళ్ళు తేలాయి. ఇరవై రెండో ఇంటాయన మాకేవీ అని అలిగాడు. అలిగినాయనకి నాప్లా తన వాటాలోంచి ఒకటిచ్చింది.

ఆ జనాన్ని చూస్తుంటే మక్‌దారాకి ఛాతీ ఉప్పొంగింది. ఇన్నేళ్ళు పబ్బులో తను చెప్పింది కోతలు కావు. గ్లెనిస్ కళ్ళారా చూసింది.

"బెర్నీస్ కుడివైపు నించి వస్తే తంతుంది" అంటోంది గ్లెనిస్, ఇరవై రెండు ఇళ్ళవాళ్ళ వెనకా పరుగెడుతూ. "మాండీకి పాట పాడితేనే పాలు వదుల్తుంది. అయ్యో, అలా కాదండీ! ఇదిగో, నేను లేకపోతే ఇవి పాలివ్వవు."

"అయితే ఉండు" అంది నాప్లా, అంత తేలిగ్గా.

గ్లెనిస్ రెన్‌షా తన రెండువందల ఎకరాలు దాటి మేనకోడలి పెళ్ళికి కూడా పోని మనిషి. మక్‌దారా వైపు చూసింది.

"నువ్వుండు, ఇంటినీ పాకనీ నేను చూసుకుంటా" అన్నాడతను. "మా దగ్గర కంచెలన్నీ కాలిపోయాయి కదక్కా, ఇప్పుడు నేను లేకపోతే ఎలా?"

నాప్లా ఆ మాట పట్టుకుంది.

"మీ దగ్గర" అంది. తనేమన్నాడో మక్‌దారాకి అప్పుడు తెలిసింది. అక్క కళ్ళల్లోకి చూడలేక రాళ్ళ వైపు తిరిగాడు. ఆమె వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసి, "పోరా. చేతిలో పనున్నవాడు పనున్న చోట ఉండాలి. నాన్నైనా అదే అనేవాడు" అంది. అతను ఇటు దాటి, ఇటు నిలబడి, కంత మూశాడు. కళ్ళు తుడుచుకుని మూశాడు గానీ రాయి ఒక్కటీ వంకర పెట్టలేదు.

మర్నాటి నించి అతనికి పనితో ఊపిరాడలేదు. కర్ర స్తంభాలు, తీగలు ఎక్కడివక్కడ బూడిదయ్యాయి. మక్‌దారా గోడ మసి పట్టి నిలబడింది. జల్లెడ అని నవ్వినవాళ్ళే టోపీలు చేతిలో పట్టుకుని వచ్చారు.

"మాకూ ఒక ముక్క కట్టిపెట్టు మక్. కన్నాలతోనే కట్టు."

"గేటు?"

"నీ ఇష్టం."

పగలంతా గోడలు కట్టి, ఏడింటికి వచ్చి కుర్చీలో ఒక్కడే కూర్చునేవాడు. అవతల గ్లెనిస్ గొంతు వినిపించేది. మా విక్టోరియాలో అయితే ఆవు పొదుగు వేణ్ణీళ్ళతో కడుగుతాం. మా విక్టోరియాలో అయితే ఒద్దన్నవాడికి టీ మళ్ళీ మళ్ళీ పొయ్యం, నాకు కడుపు ఉబ్బిపోయింది మహాప్రభో. మక్‌దారా గోడకి చెయ్యి ఆనించి కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వేవాడు. కొన్నాళ్ళకి ఆమె మాటల మధ్య రాళ్ళ చప్పుడు మొదలైంది. వెంటనే నాప్లా తిట్లూ మొదలయ్యాయి. వాళ్ళ నాన్న దగ్గర గోడ కట్టడం ముందు నేర్చుకున్నది నాప్లాయే. మక్‌దారాకి నేర్పింది కూడా ఆమే. తిట్టకుండా ఆమె ఎవరికీ ఏదీ నేర్పదు.

ఏప్రిల్ రెండో వారంలో వాన పడింది. ఒకరోజు కాదు, పది రోజులు పడింది. నెలాఖరుకి నల్లటి నేలంతా పచ్చబడి, గడ్డి ఆవు నోటికి అందేంత ఎదిగింది. పాలవేళకి, నాలుగింటికి, మక్‌దారా రాళ్ళు దించాడు. అవతల అప్పుడే పొద్దు పొడిచింది. ఆవులు ఒక్కొక్కటీ నిగనిగలాడుతూ ఇటు దాటాయి. దీవి వాళ్ళు గోడ దాకా వచ్చి, రెండు నెలలు పెంచుకున్న వాటిని నిమిరి మరీ పంపారు. నలభై రెండూ వచ్చేశాయి.

గ్లెనిస్ రాలేదు. నాప్లా అల్లిన ఉన్ని స్వెట్టరు వేసుకుని అవతలే నిలబడింది. చేతుల నిండా రాళ్ళు గీరిన గీతలు.

"ఏమిటాలస్యం?" అన్నాడు మక్‌దారా.

"ఒడ్డు పొలం గోడ సగంలో ఉంది. మధ్యలో వదిలేస్తే మీ అక్క నన్ను బతకనిస్తుందా?" అంది. అని, నేల చూపులు చూస్తూ, "నా చేతికి ఆవులు తప్ప ఇంకోటి వస్తుందని ఈ వయసులో తెలిసింది మక్‌దారా. అయ్యేదాకా ఉంటాను. ఆవుల్ని చూస్తావా?"

"మా దీవిలో గోడలవడమంటూ ఉండదు గ్లెనిస్. ఒకటి కాగానే ఇంకోటి."

"తెలుసు" అంది. "ఆదివారం చర్చి అయ్యాక భోజనానికి రమ్మంది మీ అక్క. నువ్వే రావాలి, దారి నీకు తెలుసుగా."

అతను అడుగు రాయి కోసం వంగాడు.

"ఉండు, నేను పెడతా" అంది గ్లెనిస్.

ఆమె పెడుతుంటే అతను చూస్తూ నిలబడ్డాడు. తప్పు దొరికితే చెబుదామనే నిలబడ్డాడు. అడుగున వెడల్పు రాయి పెట్టింది. దాని మీద నిలువు రాయి, దానికి ఆనించి ఏటవాలు రాయి, మధ్యలో గాలికి పిడికిలంత దారి. రాయిని చేత్తో ఊపి చూసి, తిప్పి, మళ్ళీ పెట్టింది. వరస మీద వరస లేచి ఆమె నడుము, భుజాలు, చివరికి తల కూడా కనబడకుండా పోయింది. పైన ఆఖరి రాయి కూర్చున్న చప్పుడు వినిపించాక మక్‌దారా వచ్చి గోడని రెండు చేతులా పట్టి కదిపి చూశాడు. కదల్లేదు. తను సరిదిద్దాల్సిన రాయి ఒక్కటి లేదు. కన్నాల్లోంచి చల్లటి గాలి వచ్చి ముఖాన తగిలింది. తను కట్టినప్పుడు కూడా అంత గర్వపడలేదు.

వెనక బెర్నీస్ పొదుగు బరువుకి అరిచింది. అతను చొక్కా చేతులు మడుచుకుని, కుడివైపు నించి పోకుండా చుట్టు తిరిగి, ఆవుల్ని పాక వైపు తోలాడు.