మనసు తరుగు

పొద్దున్నే వరహాలక్ష్మి చేసే పనుల్లో మొదటిది పాలు పొంగించడం, రెండోది మొగుణ్ణి లేపడం. పాలు చెప్పిన వేళకి పొంగుతాయిగానీ, అప్పలనరసింహం చెప్పిన వేళకి లేవడు. మూడోది మరిదికి మాత్ర ఇవ్వడం. ఆ పనికి మాత్రం ఎవర్నీ పిలవక్కర్లేదు. రామ్‌గోపాల్ అప్పటికే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వంటింటి గుమ్మం దగ్గర ఉంటాడు. రెండు ఇడ్లీలు తిని అరచెయ్యి చాపుతాడు. ఆవిడ ఆ చేతిలో మాత్రా, పక్కనే ఓ చిన్న బెల్లం ముక్కా పెడుతుంది. మాత్ర చేదేమీ కాదు. అయినా బెల్లం ముక్క లేకపోతే అతను మింగడు. ఏభై దాటిన మనిషికి ఈ గారాబం ఏమిటని ఎవరైనా అంటే, "మా ఇంట్లో బెల్లానికి కరువా ఏటి?" అంటుంది వరహాలక్ష్మి.

ఇల్లు మేడ మీద, కొట్టు కింద. అనకాపల్లి బెల్లం మార్కెట్‌కి ఆ కొట్టు ఎంత దగ్గరంటే, వేలం పాట మొదలైతే వంటింట్లో పోపు చిటపటలు వినపడవు. కొట్లో రెండు కాటాలున్నాయి. ఒకటి అంకెలు మెరిసే కొత్త కాటా, సర్కారు ముద్ర కొట్టింది. రెండోది మామగారి నాటి ముల్లు కాటా. అది సరుకుతోపాటు మనిషి మనసులో ఉన్న బరువు కూడా తూస్తుంది. రోలుగుంట నుంచి వచ్చే రైతు కూతురు అలిగి పుట్టింట్లో కూర్చున్నన్నాళ్ళూ అతని బెల్లం దిమ్మలు ఉన్నదానికన్నా ఎక్కువ తూగేయి. చేత్తో దించినవాడి దిగులు సరుక్కి అంటుకుంటుంది మరి. అందుకే ఆ కొట్లో గోనె తరుగు, తడి తరుగుతోపాటు మనసు తరుగని కూడా ఒకటి తీసేస్తారు. ఒకరి దిగులుకి ఇంకొకరు వెల కట్టడం న్యాయం కాదని మామగారు పెట్టిన పద్ధతి. బజారంతా దాన్ని ఒప్పుకుంది.

దారిన పోయే కళాసీలు కూడా మూట దించి, ఓసారి ఆ పాత కాటా ఎక్కి చూసుకుంటారు. ముల్లు మరీ పక్కకి వాలితే, కాటా దగ్గర కూర్చునే రామ్‌గోపాల్ టీ తెప్పించి, "ఏటి సంగతి?" అని అడుగుతాడు. టీ అయ్యేసరికి ముల్లు కొంత వెనక్కొస్తుంది. ఆ స్టూలు మీద కూర్చోడానికి అతనికన్నా తగినవాడు లేడు. ఎందుకంటే ఆ కాటా మీద అందరికన్నా ఎక్కువ తూగింది అతనే.

వరహాలక్ష్మి కాపరానికొచ్చిన కొత్తలో, ఒక బెల్లం సీజన్లో, రామ్‌గోపాల్‌కి నిద్ర పోయింది. పోతే పోయింది, పాట వచ్చింది. నడిబజార్లో నిలబడి తనే పాట పాడి, తనే హెచ్చించి, తనే కొట్టేసి, అన్నగారి దిమ్మలన్నీ దారిన పోయేవాళ్ళ చేతుల్లో పెట్టేడు. ఆ తరవాత గోడవైపు తిరిగి పడుకున్నాడు. వర్షాలొచ్చి వెళ్ళిపోయినా ఇటు తిరగలేదు. అప్పుడతన్ని కాటా మీదికి ఎక్కిస్తే నలుగురి బరువు తూగేడు. వాళ్ళ నాన్నగారికీ మధ్యలో అలాంటి కాలాలు వచ్చేవట. విశాఖపట్నం డాక్టరు మాత్రలు రాసిచ్చేడు. పెళ్ళికూతురి పారాణి ఇంకా పోని వరహాలక్ష్మి ముద్దలు కలిపి పెట్టింది. మాత్ర పనిచేసిందో, ముద్ద పనిచేసిందో, రెండూ చేసేయో, మొత్తానికి మనిషి ఇటు తిరిగేడు. వరసకి మరిదేగానీ, ఆవిడ కన్నకూతురు పింకీకన్నా ముందు పెంచింది అతన్నే.

కిందటేడు విశాఖపట్నంలో ఒక పరిశోధన కేంద్రం నుంచి ధనశ్రీ అనే డాక్టరమ్మాయి వచ్చింది. ఇలాంటి జబ్బులు కొన్ని ఇళ్ళలో తరతరాలకీ ఎందుకు కనిపిస్తాయో చూస్తున్నామనీ, వేల మంది రక్తం కావాలనీ, ఇష్టమైతేనే ఇమ్మనీ నెమ్మదిగా చెప్పింది. రామ్‌గోపాల్ చొక్కా మడిచి చెయ్యి చాపేడు.

"మచ్చు తీసుకోండమ్మా," అన్నాడు.

పొరపాటు అక్కడే పడింది. బెల్లం మార్కెట్లో పుట్టి పెరిగినవాళ్ళకి మచ్చు సంగతి వేరే చెప్పాలా? లాటులో ఒక్క దిమ్మకి బొరియ పెట్టి, గోరంత ముక్క తీసి, రంగు చూసి, నోట్లో వేసుకుంటారు. ఆ ముక్క ఎలా ఉంటే లాటంతా అలాగే ఉన్నట్టు. ధర దాన్నిబట్టే.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున్న పేపర్లో వచ్చింది. 'మతి చలించడానికి మూలం రక్తంలోనే! కారణమైన జన్యువు దొరికింది.' కింద చిన్న అక్షరాలతో, అనకాపల్లి ప్రాంతపు వ్యాపార కుటుంబాల నుంచి కూడా నమూనాలు తీశారని ఉంది. పేర్లు లేవు. బజార్లో పేర్లతో పనేముంది? మధ్యాహ్నానికల్లా రామ్‌గోపాల్ మచ్చు ఫెయిలయిందని చెప్పుకున్నారు. చెడుగా చెప్పుకోలేదు, పాపం, జాలిగానే చెప్పుకున్నారు. జాలి ఇంకా బరువు.

పింకీ అప్పటికి పురిటికి పుట్టింట్లో ఉంది. పేపరు చదివి, చెయ్యి కడుపు మీద పెట్టుకుంది. ఎదురుగా కూర్చున్న రామ్‌గోపాల్ ఆ చేతినే చూసేడు.

మర్నాడు అతను బెల్లం ముక్క తిని, మాత్ర అరచేతిలో వదిలేసేడు.

"ఇదేటి?" అంది వరహాలక్ష్మి.

"రక్తంలో ఉన్నదానికి మాత్రేటి చేత్తాది వదినా? ఇన్నాళ్ళూ ఊరికే మింగేను."

అప్పణ్ణించి కాటా ఎక్కడం కూడా మానేసేడు. ఒకరోజు సంచి సర్దుకుని, గొలుగొండ దగ్గర స్నేహితుడి జీడితోటలో ఉండిపోతానన్నాడు. అప్పలనరసింహం ముందు కేకలేసేడు, తరవాత ఏడ్చేడు.

"నువ్వు వ్యాపారస్తుడివి అన్నయ్యా, ఆలోచించు," అన్నాడు రామ్‌గోపాల్. "తీసిన మచ్చు నాది. ఆ దిమ్మ లాటులో ఉన్నంతకాలం లాటంతటికీ ధర దెబ్బే. నన్ను పక్కన పెట్టేత్తే, పింకీ పిల్ల మంచి లాటులో ఉంటాది."

ఆ లెక్క తప్పని అప్పలనరసింహం మనసంతా చెబుతోందిగానీ, వ్యాపారంలో అది ఒప్పే. మందు మానేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికన్నా వరహాలక్ష్మికే బాగా తెలుసు. గోడవైపు తిరిగిన ఆ వీపు ఆవిడ మరిచిపోలేదు. గొలుగొండ తోటలో ఆ వీపుకి ముద్ద కలిపి పెట్టేదెవరు? ధనశ్రీకి ఫోను చేసింది.

"అమ్మాయ్, రక్తం తీసుకెళ్ళేవు, బాగుంది. ఇప్పుడు మనిషిని కూడా తీసుకెళ్ళిపోతన్నావు."

రామ్‌గోపాల్ బయల్దేరే రోజు పొద్దున్నే ధనశ్రీ దిగింది. అతను సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని, బస్సు వేళయ్యేవరకూ ఖాళీగా ఎందుకని స్టూలు మీదే ఉన్నాడు. చేతులు కట్టుకుని నిలబడింది ఆ పిల్ల.

"తప్పు పేపరువాళ్ళది కాదండీ, నాదే. ఒక్క ముక్కలో చెప్పండి మేడమ్ అన్నాడు విలేకరి. ఏళ్ళ తరబడి వెతికింది దొరికిందన్న సంబరంలో ఆ ముక్క నేనే అనేశాను."

"మరి దొరికిందా, లేదా?" అన్నాడు రామ్‌గోపాల్.

"దొరికింది ఒక రేణువండీ. అలాంటివి వందలున్నాయి. నాలో ఉన్నాయి, అన్నయ్యగారిలో ఉన్నాయి, ఆ టీ కొట్టాయనలోనూ ఉంటాయి. ఒక్కోటీ చేసేది చాలా కొంచెం. అవి ఎక్కువగా ఉన్నవాళ్ళలో కూడా చాలామందికి ఏ జబ్బూ రాదు. నిద్ర, దుఃఖం, బతుకులో పడ్డ దెబ్బలు, అన్నీ కలవాలి. పైగా మీది మచ్చు కాదు. వేల మందిని కలిపి చూస్తే కనపడిన తేడా అది. దాంతో మీ ఒక్కరి సంగతి చెప్పలేను. పుట్టబోయే బిడ్డ సంగతి అసలే చెప్పలేను."

"మరి రక్తంలో ఉన్నదానికి మాత్ర దండగే గదా?"

"ఎందుకు దండగ? ఈ కాటా మీద ఎవరి బరువైనా టీ తాగాక తగ్గుతుంది కదండీ. ఆ బరువు పుట్టుకతో వచ్చిందా, మధ్యలో చేరిందా అని మీరెప్పుడైనా అడిగారా?"

రామ్‌గోపాల్ ముల్లువైపు చూసేడు. "ఇవన్నీ పేపర్లో లేవే," అన్నాడు.

"రాసిస్తే రేపు వేస్తామన్నారు. ఇక్కడే కూర్చుని రాస్తాను."

ధనశ్రీ గల్లా పెట్టె పక్కన కూర్చుని రాయడం మొదలెట్టింది. రామ్‌గోపాల్‌కి చెయ్యి ఊరుకోలేదు. ఆ వార్త వచ్చిన పాత పేపరు తీసి కాటా మీద వేసేడు. ముల్లు గిర్రున తిరిగి, పెద్ద దిమ్మంత బరువు దగ్గర ఆగింది.

"ఓలమ్మ, కాయితమే అంత తూగిందేటి!" అన్నాడు కళాసీ పైడిబాబు. "ఇది ఊరంతటికీ పంచేరా బావూ? కళాసీని పెట్టి మోయించాల్సింది."

ధనశ్రీ తల దించుకుంది. మొదటి కాగితం రాసిచ్చింది. రామ్‌గోపాల్ కాటా మీద పెట్టేడు. సగం దిమ్మ.

"ఇంకా బరువుందమ్మా. ఇదిగో, జబ్బు కుటుంబాలని రాసేరు. మేం బెల్లం కుటుంబం. జబ్బు నాకొచ్చింది, కుటుంబానికి రాలేదు."

ధనశ్రీ ఆ మాట కొట్టేసింది. ఇంకోటి దిద్దింది. మార్కెట్లో పాట మొదలైంది. కళాసీలు పని మానేసి గుమిగూడేరు. అప్పలనరసింహం వాళ్ళని తిట్టడానికి వచ్చి, తనూ అక్కడే నిలబడిపోయేడు. రెండో కాగితం పెట్టేసరికి ముల్లు కదల్లేదు సరికదా, కాగితం పలక మీద ఆనకుండా జానెడెత్తున తేలింది. రామ్‌గోపాల్ దాన్ని గాల్లోంచి తీసుకుని చదివేడు.

"'ఎవరికీ ఏ భయమూ అక్కర్లేదు' అని రాసేరు. ఇది నిజమేనా?"

ధనశ్రీ కలం కింద పెట్టింది. "పూర్తిగా నిజం కాదండీ. రక్తసంబంధం ఉన్నవాళ్ళకి అవకాశం కొంచెం ఎక్కువ. మీ మనసు కష్టపడుతుందని తీసేశాను."

"ఎంత ఎక్కువ?" అంది పింకీ. మేడ మెట్ల మీద ఎప్పట్నించి నిలబడిందో ఎవరూ చూడలేదు.

"కొంచెమే. ఇలాంటి ఇళ్ళలో పుట్టిన పిల్లల్లో కూడా ఎక్కువమందికి రాదు పింకీగారూ. ఎవరికైనా వస్తే, తొందరగా గుర్తుపట్టి మందిప్పిస్తే నిలబడతారు. మీ బాబాయిగారు నిలబడలేదా?"

"అదే రాయండి," అన్నాడు రామ్‌గోపాల్. "మేం తూచి కొనే మనుషులం. గాలి అమ్మకండి."

మూడో కాగితం ఎక్కువసేపు పట్టింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట మాటా తూచేరు. ఆవిడ శాస్త్రం తప్పకుండా చూసుకుంది, అతను ముల్లు తప్పకుండా చూసుకున్నాడు. మధ్యలో టీలొచ్చేయి. రోడ్డు మీద గొలుగొండ బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. వరహాలక్ష్మికి వినపడింది, పైడిబాబుకి వినపడింది, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు.

ఆఖరికి ఆ కాగితం కాగితమంతే తూగింది. కాదు, దానిపైన ఇంకో వెంట్రుకవాసి.

"ఆ కొంచెం ఎక్కువ అవకాశమన్న వాక్యం వల్లేనండీ," అంది ధనశ్రీ, కలం ఎత్తి. "తీసేయమంటారా?"

రామ్‌గోపాల్ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టేడు.

"ఉండనీండి. నిజానికి ఆ మాత్రం బరువు ఉంటాది. అందుకే గదా మా నాన్న తరుగు పెట్టేడు."

అప్పుడు తలెత్తి, "బస్సు వచ్చిందా వదినా?" అన్నాడు.

"వచ్చింది, పోయింది," అంది వరహాలక్ష్మి. ఆవిడ కొంగు ముడి విప్పింది. పొద్దుట్నించీ అందులోనే ఉన్నాయి, మాత్రా, బెల్లం ముక్కా. కొంగు చెమటకి బెల్లం కరిగి మాత్రకి అంటుకుపోయింది. రామ్‌గోపాల్ అరచెయ్యి చాపేడు. రెండిట్నీ కలిపే నోట్లో వేసుకున్నాడు. వరహాలక్ష్మికి ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

కాగితం మర్నాడు పేపర్లో వచ్చింది, పాతదాని అంత పెద్ద అక్షరాల్లో కాదు. అందుకని పైడిబాబు దాన్ని చదివించుకుని, మార్కెట్లో అందరికీ నోటితో చెప్పేడు.

పింకీకి చైత్రంలో ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున, ఆ ఇంటి ఆనవాయితీ ప్రకారం పిల్లని కొట్లోకి తెచ్చేరు. ముందు కొత్త కాటా మీద తూచేరు, తరవాత పాతదాని మీద. పలక చల్లగా తగలకుండా రామ్‌గోపాల్ తన కండువా నాలుగు మడతలు వేసి పరిచేడు. ముల్లు కదిలి, కొత్త కాటా చెప్పినదానికన్నా ఒక్క పిసరు అవతల ఆగింది. వరహాలక్ష్మి పింకీ చెయ్యి పట్టుకుంది.

రామ్‌గోపాల్ ముల్లుని చూసేడు, పిల్లని చూసేడు. ఎన్నో ఏళ్ళుగా చెప్పే గొంతుతోనే గట్టిగా చెప్పేడు.

"మనసు తరుగు పిసరు. అందరికీ ఉండేదే."

"మరి మచ్చు ఎలాగుంది బావూ?" అని వెనకనించి ఎగతాళి పట్టించేడు పైడిబాబు.

"మచ్చేటిరా?" అన్నాడు రామ్‌గోపాల్, పిల్లని రెండు చేతుల్తో ఎత్తుకుని. "ఇది లాటు కాదు. మా పిల్ల."