కూర్చున్న ఒళ్లు

తన మొగుడి ఒళ్లు గట్టిగా ఉందని పెద్ద దవాఖానాలో తేల్చి చెప్పిన రోజు వెంకమ్మ ఇంట్లో పొయ్యి వెలగలేదు. బయటివాళ్లు వింటే నవ్వుతారు. ఆ బొగ్గుబాయి కాలనీలో మాత్రం ఎవరూ నవ్వలేదు. సాయంత్రం పక్క క్వార్టర్ జంపక్క గిన్నెడు అన్నం, కాస్త పచ్చిపులుసు తెచ్చి గడప దగ్గర పెట్టింది. చావింట్లో మాట్లాడినట్టు నాలుగు మాటలు మెల్లగా మాట్లాడి వెళ్లిపోయింది.

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే దారిలో, టేకు అడవి మొదలయ్యే చోట ఉంది ఆ కాలనీ. అక్కడ గనిని గని అనరు, బాయి అంటారు. బాయిలో పనిచేసే మనిషికి రోగం ముదిరి, ఇక పనికి రాడని పెద్ద దవాఖానాలో కూర్చునే మెడికల్ బోర్డు రాసిస్తే, అతని ఉద్యోగం ఇంట్లో పిల్లలకు వస్తుంది. దాన్నే 'అన్‌ఫిట్ కావడం' అంటారు. అయితే సర్వీసు ఇంకా రెండేళ్లు మిగిలి ఉండగానే కావాలి. ఆ గడువు దాటాక మనిషి ఎంత పాడైపోయినా పిల్లలకు దక్కేది ఏమీ ఉండదు. వెంకమ్మ మొగుడు బిక్షపతికి ఆ గడువు వచ్చే ఎండాకాలంతో తీరిపోతుంది.

అలాగని బిక్షపతికి రోగం లేక కాదు. చక్కెర జబ్బు ఎప్పటినుంచో ఉంది. అతని అమ్మకు ఉండేది, అన్నకు ఉండేది. ఇద్దరూ దానితోనే పోయారు. ఇతనికి మాత్రం అది పెంపుడు కుక్కలాగా ఒక మూలన పడి ఉంది. భూమి లోపల పైకప్పు కూలకుండా చెక్క దిమ్మెలు మోసుకెళ్లి నిలబెట్టడం అతని పని. వంగి నడిచే దారిలో, ఉడికిపోయే వేడిలో, మనిషంత బరువున్న దిమ్మెను భుజాన వేసుకుని నడిచేవాడు. తొడలు ఇనుప కడ్డీల్లా ఉండేవి. ఎప్పుడు రక్తం పరీక్ష చేసినా చక్కెర అదుపులోనే ఉందనేవారు.

ఇదెలా సాధ్యమని బోర్డు నుంచి తిరిగొచ్చిన మర్నాడు బిక్షపతి ఏరియా దవాఖానాలో డాక్టర్ ఉదయ్ భాస్కర్‌ను అడిగాడు. వెంకమ్మ పక్కనే ఉంది. డాక్టర్ మంచివాడు. రోగి తనంతట తాను అలాంటి ప్రశ్న అడిగినందుకు మురిసిపోయాడు కూడా.

"నీ కండలే నీకు మందు, బిక్షపతీ" అన్నాడు. "నువ్వు బరువెత్తి నడుస్తుంటే కండ నెత్తుట్లో చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది. ఇన్సులిన్ వచ్చి తలుపు తియ్యాల్సిన పని కూడా లేదు. పని ఆపినాక కూడా ఒకటి రెండు రోజులు దానికి ఆ ఆకలి ఉంటుంది. ఉన్న కొంచెం ఇన్సులినే బాగా పనిచేస్తుంది. అదే మనిషి మంచం పట్టి పడుకున్నాడనుకో, కొన్నాళ్లకే కండ మొండికేస్తుంది. ఎంత ఇన్సులిన్ ఉన్నా మాట వినదు. చక్కెర పోయేందుకు చోటు లేక నెత్తుట్లోనే తిరుగుతుంది. కళ్లు, కాళ్లు, కిడ్నీలు అన్నీ తింటుంది. అందుకని ఒళ్లు వంచడం మాత్రం ఆపకు."

వేరే ఎవరైనా అయితే ఆ మాటను కళ్లకద్దుకుని ఇంటికి పోయేవారు. బిక్షపతి కూడా కళ్లకద్దుకున్నాడు, కానీ తిరగేసి. ఇంట్లోకి రాగానే చెప్పులు విడిచి, మంచం వాల్చమని భార్యతో అన్నాడు. మాత్రల కవరు తీసి దేవుడి పటం వెనకాల పడేశాడు.

మంచం ఎందుకు వాల్చమన్నాడో వెంకమ్మకు అప్పుడు అర్థమైంది.

"రోగాన్ని పిలిచి పీట ఏసుడేందయ్యా?" అంది.

"చందర్‌ను చూసినవా ఈ నడుమ?" అన్నాడు బిక్షపతి. "ఇన్నేండ్లు ఒళ్లు వంచిన. ఇగ పోరని కోసం కొన్నాళ్లు ఒళ్లు పండవెడ్త. గింతకన్న అల్కటి పని నా జిందగిల చేసిన్నా?"

చందర్ వాళ్ల ఒక్కగానొక్క కొడుకు. ఐటీఐ చదివి, ఎక్కడా పని దొరక్క, ఖమ్మం మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు మోస్తున్నాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ ఘాటుకు రాత్రంతా దగ్గుతాడు, కళ్లు ఎర్రగా ఉబ్బి ఉంటాయి. ఆ దగ్గు విన్న ప్రతిసారీ వెంకమ్మ లేచి పోయి వాడి వీపు నిమిరేది. ఆమె తల్లి. మొగుడినా కొడుకునా అని ఎవరూ నోరు తెరిచి అడగలేదు గానీ, ఆ సాయంత్రం ఆమె మంచం వాల్చింది.

ఆ రోజు నుంచి బిక్షపతి సిక్ లీవులో కూర్చున్నాడు. ఒళ్లు దాచుకోవడం చేతగాని మనిషికి కూర్చోవడం కూడా ఒక పనే. మొదట్లో మంచం మీద కుదురుగా ఉండలేకపోయేవాడు. ఫస్ట్ షిఫ్ట్ సైరన్ మోగగానే పాదాలు వాటంతటవే చెప్పుల కోసం వెతికేవి. నీళ్ల బిందె ఎత్తబోయేవాడు, కట్టెలు కొట్టబోయేవాడు. వెంకమ్మ పరుగున వచ్చి చేతిలోది లాక్కునేది. "కూసో, నేను తెస్త" అనేది. ఆ మాట ఆమె నోటికి అలవాటైపోయింది. మంచినీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే, చక్కెర దండిగా వేసిన టీ మంచం దగ్గరికే.

తండ్రిని దవాఖానాల చుట్టూ తిప్పడానికి చందర్ ఖమ్మంలో పని మానేసి వచ్చాడు. ఎట్లాగూ బాయి ఉద్యోగం వస్తుంది కదా, ఇంకా బస్తాలెందుకని కాలనీలో అందరూ అన్నారు. ఉద్యోగం రాబోతున్న పిల్లవాడు కూలికి పోతే ఇంటికి నామోషీ అన్నారు. అసలు సంగతి చందర్‌కు ఎవరూ చెప్పలేదు. అతనూ అడగలేదు. తండ్రికి ఒంటరిగా ముద్ద దిగదు కాబట్టి పక్కనే ఇంకో మంచం వేసుకుని, ఫోను చూసుకుంటూ అతనితో పాటే తినేవాడు. వెంకమ్మ పరమాన్నం వండితే ఇద్దరికీ, జిలేబీ తెప్పిస్తే ఇద్దరికీ, 'కూసో' అన్న మాట కూడా ఇద్దరికీ. కొడుకు దగ్గు ఆగిపోయింది. బుగ్గలు నిండాయి, నడుము దగ్గర చొక్కా బిగుతైంది. పోరడు నున్నగైండు, ఉద్యోగం కళ ముందే వచ్చిందని జంపక్క అంటే, వెంకమ్మ దిష్టి తీసి పోసింది. మొగుడు కరిగిపోతున్న ఇంట్లో కనీసం ఆ ఒక్కటైనా కంటికి ఇంపుగా కనిపించింది.

బిక్షపతి నిజంగానే కరిగిపోయాడు. వానాకాలం ముగిసేసరికి తొడల మీద చర్మం వదులై వేలాడింది. గొంతు ఎప్పుడూ ఎండిపోయేది. పరీక్ష చేసిన ఉదయ్ భాస్కర్ అంకె చూసి నమ్మలేక మళ్లీ చేయించాడు. పని గాని మానేశావా అని గుచ్చి గుచ్చి అడిగాడు. మోకాళ్ల నొప్పులని బిక్షపతి అబద్ధం చెప్పాడు. డాక్టర్ ఇన్సులిన్ రాసి, రోజూ నడవమని బతిమాలినంత పని చేశాడు. ఆ ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో పచ్చిమిరపకాయల పక్కన మూత తియ్యకుండా ఉండిపోయింది.

రెండోసారి బోర్డు కూడా ఒప్పుకోలేదు. చక్కెర ఒక్కటే అయితే సూది వేసుకుని బాయి పైన తేలిక పని చేసుకోవచ్చన్నారు. ఇంటికి వచ్చి బిక్షపతి గోడవైపు తిరిగి పడుకున్నాడు. గడువుకు చలికాలం ఒక్కటే మిగిలింది. ఇంక చాలు, మాత్రలు వేసుకోమని వెంకమ్మ కాళ్లు పట్టుకుంది. ఇంత దూరం వచ్చినాక వెనక్కి తిరిగితే ఒళ్లూ, ఉద్యోగం రెండూ పోతాయని అతను అన్నాడు. అది నిజం కూడా కావడం ఆమె ప్రాణానికి వచ్చింది.

అడవి పక్క చలి ఎముకలు కొరుకుతుంది. ఆ కాలనీలో చలికాలమంతా ప్రతి వాకిట్లో ఇనుప పొయ్యిలో బొగ్గు రాజేసి చుట్టూ చేరడం అలవాటు. సంక్రాంతి దాటిన ఒక పొద్దున వెంకమ్మ లోపల బియ్యం కడుగుతోంది. బిక్షపతి మంచం అంచున కూర్చుని, కాళ్లు చాపి పొయ్యి దగ్గర కాచుకుంటున్నాడు. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. పాలు పొంగాయేమోనని చూస్తే పాలు పొంగలేదు. బయటికి వచ్చింది. కుడి పాదం నిప్పుకణికల అంచుకు ఆనుకుని ఉంది. మడమ మీద చర్మం నల్లబడి పగిలి పొగ వస్తోంది.

బిక్షపతి ఆమెను చూసి, "ఏమాయెనే, గట్ల చూస్తవేంది?" అన్నాడు. ముఖంలో నొప్పి లేదు. ఆ పాదం ఎప్పుడు తనది కాకుండా పోయిందో అతనికే తెలియదు.

వెంకమ్మ కేకకు కాలనీ అంతా వచ్చింది. ఆ తర్వాత జరగాల్సినవన్నీ వరసగా జరిగాయి. పుండు మానలేదు. నలుపు పైకి పాకింది. పెద్ద దవాఖానాలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఎండలు ముదరకముందే బోర్డు మూడోసారి పిలిచింది. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషిని చూశాక అక్కడ ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

అన్‌ఫిట్ అయిందని తెలిసిన రోజు కాలనీ ఆనవాయితీ ప్రకారం మిఠాయి పంచాలి. జంపక్కే లడ్డూలు తెచ్చి ఇంటింటికీ ఇచ్చింది. వచ్చినవాళ్లు బిక్షపతి చెయ్యి పట్టుకుని ఊపారు, పోరనికి తొవ్వ చూపినవన్నా అన్నారు. అతను మంచం మీద కూర్చుని అందరికీ నవ్వుతూ దండం పెట్టాడు. వెంకమ్మ లడ్డూ నోట్లో పెట్టుకుని మింగలేక, వంటింట్లోకి పోయి ఉమ్మేసి ఏడ్చింది. ఆ ఏడుపులో కొంత సంతోషం కూడా ఉంది. దానికి ఆమె తనను తాను అసహ్యించుకుంది.

మిగిలింది చందర్‌కు ఉద్యోగంలో చేరే ముందు చేసే వైద్య పరీక్ష. పడుచువాడు, బస్తాలు మోసిన ఒళ్లు. అది ఉత్త లాంఛనమే అనుకున్నారు. ఫలితం తీసుకోవడానికి ముగ్గురూ కలిసి ఏరియా దవాఖానాకు వెళ్లారు. బిక్షపతే వస్తానని పట్టుబట్టాడు. అతని జీవితంలో చూడాల్సిన రోజు అదే కదా మరి.

ఉదయ్ భాస్కర్ కాగితం చూసి, చందర్‌ను చూసి, చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. తర్వాత బిక్షపతి వైపు చూడకుండా చెప్పాడు. నెత్తుట్లో చక్కెర బాగా ఎక్కువగా ఉంది. ఇప్పటికైతే తీసుకోరు. కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష ఉంటుంది, అప్పటికి దిగితే దిగినట్టు.

"మీ వంశంలో ఉంది. కానీ ఇంత తొందరగా రావాల్సింది కాదు" అన్నాడు చందర్‌తో. "బస్తాలు మోసినన్నాళ్లు నీ కండలు దాన్ని ఆపినయి. ఏడాదిగా ఏం చేస్తున్నవు?"

"ఏం జెయ్యలే సార్" అన్నాడు చందర్. "నాయిన దగ్గర కూసున్న."

వెంకమ్మకు ఇద్దరి మధ్యా తాను పెట్టిన గిన్నె కనిపించింది. ఒక్క గిన్నెలోంచే ఇద్దరికీ వడ్డించింది. ఒక్క మాటే ఇద్దరికీ చెప్పింది. ఒకణ్ణి తెలిసి కూర్చోబెట్టింది, ఇంకొకణ్ణి తెలియక.

అసలు సంగతి ఆ రోజు ఇంటికి వచ్చాక బిక్షపతే కొడుక్కి చెప్పాడు. చందర్ గోడకు ఆనుకుని తండ్రి మొండి కాలి వైపు చూస్తూ ఉండిపోయాడు. మర్నాడు పొద్దున్నే బిక్షపతి పెరట్లో వంటచెరకుగా పడి ఉన్న పాత దిమ్మెను చూపించి, దాన్ని భుజాన వేసుకుని అడవి మొదట్లోని కల్వర్టు దాకా పోయి రమ్మన్నాడు.

చందర్ ఎత్తాడు. మిర్చి బస్తాలను ఆటగా మోసిన భుజం దాన్ని మొయ్యలేక వంకర పోయింది. వాకిట్లో మంచం మీద నుంచి తండ్రి, గుమ్మంలో నుంచి తల్లి చూస్తున్నారు. కల్వర్టు దాకా కూడా పోలేదు. నాలుగు క్వార్టర్లు దాటి దిమ్మెను జారవిడిచి, దాని మీదే కూలబడ్డాడు. రొప్పుతూ, జరసేపు కూసుంట అమ్మా అన్నాడు.

ఆ మాట వినగానే బిక్షపతి మంచం మీద నుంచి దిగ్గున లేవబోయాడు. లేని కాలు మీద బరువు వేసి బోర్లా పడ్డాడు. నుదురు గచ్చుకు తగిలి నెత్తురొచ్చింది. వెంకమ్మ అటు ఒక అడుగు వేసింది.

"నన్నిడిసిపెట్టు" అన్నాడు అతను నేల మీద నుంచే. "వాన్ని లేపు."

ఆమె మొగుణ్ణి అలాగే వదిలేసి వీధిలోకి నడిచింది. కొడుకు రెక్క పట్టుకుంది. అతని ముఖమంతా చెమట, కళ్లలో నీళ్లు. నీళ్లు కావాలా అని అడగబోయి ఆపుకుంది.

"లే" అంది వెంకమ్మ. ఆ ఇంటి మనిషిని ఆమె లెమ్మనడం ఏడాదిలో అదే మొదటిసారి.